స్పర్శ రాయబారి

నేదునూరిపేట పురపాలక సంఘం కార్యాలయంలో దంగేటి సూర్యచంద్రానికి సొంతంగా ఒక కుర్చీ, ఒక బల్ల, ఒక మంచినీళ్ల గ్లాసు ఉండేవి. కమిషనరుగారికి కూడా అంత వైభోగం లేదు. కమిషనరుగారు ఊళ్లో లేనప్పుడు ఆయన కుర్చీలో అటెండరు కూర్చుని ఫ్యాను కింద కునికిపాట్లు పడేవాడు. సూర్యచంద్రం కుర్చీలో మాత్రం అతను ఉన్నా లేకపోయినా ఎవరూ కూర్చునేవారు కాదు.

కారణం అతని ఒంటిమీద మచ్చలు. మోచేతుల మీద, చేతుల పైన, జుట్టు మొదట్లో చర్మం ఎర్రగా మందంగా లేచి, దానిమీద తెల్లటి పొలుసులు పొట్టులా రాలుతుండేవి. పెళ్లయిన కొత్తలో మోచేతి మీద రూపాయి బిళ్లంత మొదలై, పిల్లలు కాలేజీలకొచ్చేసరికి చేతులంతా పాకింది. డాక్టర్లు సోరియాసిస్ అన్నారు. ఆఫీసులో కొందరు గజ్జి అన్నారు, కొందరు నాగదోషం అన్నారు. ఎవరేమన్నా గ్లాసు విషయంలో మాత్రం అందరిదీ ఒకటే మాట.

మొదట్లో అతను జనన మరణ ధ్రువపత్రాల కౌంటర్లో కూర్చునేవాడు. ఒకరోజు ఎవరో పిల్లాడి జనన పత్రం మీద పొట్టు రాలిందని తండ్రి నానా రభసా చేశాడు. ఆఫీసు మేనేజరు జోగారావు బాగా ఆలోచించి, “పుట్టినవాళ్ల కాగితం కాబట్టి గొడవచేశారు. పోయినవాళ్లకైతే పట్టింపేముంటుంది?” అని అతన్ని మరణ ధ్రువపత్రాలకు పరిమితం చేశాడు. పోయినవాళ్లకు నిజంగానే పట్టింపు లేదు. ఫిర్యాదు వాళ్ల అల్లుళ్ల దగ్గర్నుంచి వచ్చింది. దాంతో సూర్యచంద్రాన్ని పాత ఫైళ్లు పడేసే చివరి గదిలోకి పంపారు. ఫైళ్లు ఫిర్యాదు చెయ్యలేదు.

అతను కూడా చెయ్యలేదు. దురదకు అలవాటుపడినట్టే దీనికీ అలవాటుపడ్డాడు. ఆ చలికాలం ఉదయంపూట వేళ్లు బిగుసుకుపోవడం మొదలయ్యేదాకా అలాగే నడిచింది. పళ్లు తోముకోవడానికి బ్రష్షు పట్టు దొరికేది కాదు. చొక్కా బొత్తాలు భార్య సత్యవేణి పెట్టేది. నాలుగు రోజులు పెట్టి, ఐదో రోజు ఆవిడ బొత్తం మధ్యలో వదిలేసి, “ఇంక లాభం లేదండీ. పదండి పెద్దాసుపత్రికి” అంది.

జిల్లా ఆసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టరు నస్రీన్ అతని చేతులు తన చేతుల్లోకి తీసుకుని, ఒక్కో వేలి కణుపూ నొక్కి చూసింది.

“ఇది ఎవరికీ అంటదు. ఆ సంగతి మీకు తెలుసా?”

“నాకు తెలుసండి. మా ఆఫీసుకి తెలీదండి.”

“మన ఒంటికి కాపలా కాసే వ్యవస్థ ఒకటుంటుంది. బయటినుంచి క్రిమి వస్తే అది పోరాడాలి. మీలో అది ఏ క్రిమీ రాకుండానే కంగారుపడిపోతోంది. ఆ కంగారుకి, నెల పట్టాల్సిన చర్మం వారం తిరక్కుండా తయారై పైకి వచ్చేస్తోంది. పాతది రాలేలోపు కొత్తది తోసుకొస్తుంది. ఆ పొలుసులు అవే. అంటుకోవడానికి ఇందులో క్రిమే లేదు.”

“పూర్తిగా పోతుందాండీ?” అని అడిగింది సత్యవేణి.

“పోతుందని చెప్పనమ్మా. చెప్పేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. బీపీలాగా అదుపులో పెట్టొచ్చు, చర్మం దాదాపు మామూలుగా అయిపోవచ్చు. నాకు చర్మం కంటే ఈ కీళ్లే భయంగా ఉన్నాయి. ఇది కీళ్లకి కూడా వస్తుంది. వేళ్లు ఒకసారి వంకరతిరిగితే మళ్లీ తిన్నగా చెయ్యడం నా వల్ల కాదు.”

రాసుకునే లేపనం ఇచ్చింది. వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మాత్ర రాసి, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుందని సత్యవేణి చేత తిరిగి చెప్పించుకుంది. మధ్యమధ్య రక్తపరీక్షలన్నది. వారానికి మూడుసార్లు వచ్చి ఆసుపత్రిలో ఉన్న ప్రత్యేకమైన లైటు కింద నిలబడాలన్నది. ఆఖర్న అతని చేతులు వదులుతూ, “వీటికి రాపిడి తగలనివ్వకండి. స్పిరిట్‌లాంటివి పొయ్యకండి. ఒరుసుకున్న చోటల్లా కొత్త మచ్చ లేస్తుంది” అని హెచ్చరించింది.

మర్నాడు సూర్యచంద్రం వారానికి మూడు పూటల సెలవు కోరుతూ అర్జీ రాసుకుని జోగారావు గదికి వెళ్లాడు. జోగారావు అర్జీ అందుకోవడానికి చెయ్యి చాపడం చూసి అతను కంగారుపడ్డాడు. అదివరకు జోగారావు బల్లమీద పెట్టమనేవాడు. ఈసారి కాగితం వదిలేసి ఏకంగా చెయ్యే పట్టుకున్నాడు.

“ఏవయ్యా సూర్యచంద్రం! ఇన్నాళ్లూ నిన్ను ఆ గదిలో పెట్టి ఎంత పొరపాటు చేశామయ్యా! పద, కమిషనరుగారు పిలుస్తున్నారు.”

పైనుంచి ఒక సర్క్యులరు వచ్చింది. రాజధానిలో పెద్దలు ఏదో సదస్సుకి వెళ్లి, సోరియాసిస్ అంటువ్యాధి కాదని విని, ఆశ్చర్యపోయి, ఆ ఆశ్చర్యం ఆరకముందే ‘స్పర్శ సంకల్పం’ అనే కార్యక్రమం పుట్టించారు. కమిషనరు పృథ్వీధర్‌గారు నిలబడి దాన్ని చదివి వినిపించారు.

“సోరియాసిస్ అంటువ్యాధి కానందున, సదరు విషయమై ప్రజలలో గల అపోహలను తొలగించు నిమిత్తము, ప్రతి కార్యాలయమందును అందుబాటులో గల రోగితో యావన్మంది సిబ్బందియు ప్రతి వారము కరచాలనము గావించి, సదరు ఛాయాచిత్రములను యాప్‌నందు పొందుపరచవలెను. ఛాయాచిత్రమునందు మచ్చ స్పష్టముగా కానవచ్చుట తప్పనిసరి. రోగి అందుబాటులో లేని కార్యాలయములు సమీప కార్యాలయమునుండి రోగిని సమకూర్చుకొనవలెను.” కాగితం మడిచి అందరివైపూ చూశారు. “మనకెందరున్నారు?”

“ఒక్కడేనండి,” అన్నాడు జోగారావు. “ఊళ్లో ఇంకా ఉంటారు గానీ, బయటపడరండి.”

“ఒక్కరైనా ఉన్నారు. చుట్టుపక్కల మండలాల్లో అదీ లేదు.” కమిషనరుగారి కళ్లల్లో ఖనిజం దొరికిన భూస్వామి వెలుగు కనిపించింది. “సూర్యచంద్రంగారూ, నేటినుంచి తమరు ఈ పట్టణానికి స్పర్శ రాయబారి.”

సూర్యచంద్రం చేతిలో సెలవు అర్జీ ఇంకా అలాగే ఉంది. “సార్, వారానికి మూడు పూటలు ఆసుపత్రికి...”

“రాయబారి లేకుండా స్పర్శ ఎలా జరుగుతుందండీ? కార్యక్రమం ముగియనివ్వండి, సానుకూలంగా పరిశీలిద్దాం.”

మొదటి కరచాలనం ఆ వారమే జరిగింది. సూర్యచంద్రానికి పొట్టిచేతుల చొక్కా తొడిగించి, మెళ్లో బంతిపూల దండ వేసి హాల్లో నిలబెట్టారు. ఇన్నేళ్లూ వరండాలో ఎదురుపడితే గోడకు అంటుకుపోయినవాళ్లంతా వరసలో వచ్చి, ఊపిరి బిగబట్టి, చెయ్యి కలిపి, ఫొటో పడ్డాక అవతలి కొసన ఉన్న బల్ల దగ్గరికి పరుగెత్తేవారు. ఆ బల్లమీద శానిటైజరు సీసాలుండేవి. సీసాలు ఫొటోలో పడకుండా చూసే బాధ్యత శానిటరీ ఇన్‌స్పెక్టరుది. రాయబారి చెయ్యి కూడా శుభ్రంగా ఉండాలి కదా అని ప్రతి పదిమందికోసారి జోగారావే స్వయంగా దానిమీద శానిటైజరు కొట్టేవాడు. మచ్చల పగుళ్లలోకి దిగి అది భగ్గుమనేది. సూర్యచంద్రం నవ్వేవాడు. ముఖం నవ్వుతూ లేకపోతే యాప్ ఫొటో తీసుకోదు.

మధ్యాహ్నం భోజనాలప్పుడు అతని గ్లాసు అతనికే విడిగా పెట్టారు.

“ఇదేంటండీ, ఇంకా?” అన్నాడతను జోగారావుతో.

“సర్క్యులరులో కరచాలనం అనే ఉందయ్యా. గ్లాసు ఊసు లేదు. వివరణ కోరుతూ పైకి రాశాం. వచ్చేదాకా ఓపికపట్టు.”

త్వరలోనే నేదునూరిపేట రోగి పేరు జిల్లా అంతా పాకింది. మార్కెట్ యార్డు వాళ్లు ఉత్తరం రాశారు, రోగిని రెండు పూటలు పంపమని. విద్యుత్తు కార్యాలయం వాళ్లు జీపుతో సహా వచ్చేశారు. పంచాయతీలు వంతులు వేసుకున్నాయి. కమిషనరుగారు సూర్యచంద్రాన్ని డెప్యుటేషన్ మీద పంపుతూ ఉత్తర్వులిచ్చేవారు: “ఉద్యోగిని వ్యాధి సహితముగా పంపడమైనది. అదే స్థితిలో తిరిగి అప్పగించవలెను.” వ్యాను మాట్లాడి, దానికి ‘రండి, నన్ను ముట్టుకోండి’ అని బ్యానరు కట్టారు. ఊళ్లలో ఆ వ్యాను చూసి ఆడవాళ్లు తలుపులు వేసుకునేవారు.

బళ్లలో పిల్లలు నయం. పట్టుకుని వదిలేవారు. పెద్దలే ప్రాణం తీసేవారు. భయం లేదని ఫొటోలో తెలియాలని చెయ్యి విరిచేలా నొక్కేవారు. వారాల తరబడి అలా ఒరుసుకుని ఒరుసుకుని, అదివరకు ఒక్క మచ్చ కూడా లేని అరచేతుల్లో ఎర్రటి పొరలు లేచాయి. గీతలవెంట చర్మం చీలింది. జోగారావు ఆ చేతులు తీసుకెళ్లి కమిషనరుగారికి చూపించాడు.

“భేష్,” అన్నారు కమిషనరుగారు. “కార్యక్రమ ప్రభావం క్షేత్రస్థాయిలో కనిపిస్తోంది.”

“లేపనం రాసుకుంటున్నాడండి,” అని ఫిర్యాదుచేశాడు జోగారావు. “మచ్చ మెత్తబడిపోయి ఫొటోలో సరిగ్గా రావట్లేదు.”

“ఆఫీసు వేళల్లో రాసుకోకుండా చూడండి.”

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అన్నం కలుపుకోలేక సూర్యచంద్రం కంచం ముందు ఊరకే కూర్చున్నాడు. పులుసు తగిలితే మంట. వేళ్లు ముడుచుకోవు. సత్యవేణి ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. సగం తిన్నాక అతను, “ఇదివరకే బాగుందే. ఎవరూ ముట్టుకునేవారు కాదు,” అన్నాడు.

“ఆ మాటనకండి.” ఆవిడ కంచం కింద పెట్టింది. “లైటు కింద నిలబడ్డానికి కమిషనరు పర్మిషనేంటండీ? ఆయనేమన్నా కరెంటు బిల్లు కడతాడా? డాక్టరమ్మని నేనడుగుతాను. తెల్లారగట్ల బస్సుకెళ్తే ఆఫీసు టయానికి వచ్చెయ్యొచ్చు.”

డాక్టరు నస్రీన్ వాళ్లకోసం లైటు గది పెందరాళే తెరిపించింది. అతని చేతులు లైటు కిందికి లాగి తిప్పి చూసింది. “నేను రాపిడి తగలకూడదన్నాను కదా! ఏం పని చేస్తున్నారు మీరు?”

“సోరియాసిస్ మీద అవగాహన కల్పిస్తున్నానండి,” అన్నాడు సూర్యచంద్రం.

ఆ మందులు వంటికి పట్టాలంటే చేతులకు విశ్రాంతి కావాలి. ఆ విశ్రాంతి అనుకోకుండా యాప్ ఇచ్చింది. రాష్ట్రమంతటి ఫొటోలూ మొయ్యలేక అది కూలబడిపోయింది. కొత్తది తయారయ్యేదాకా కార్యక్రమం నిలిపివేయవలసిందిగా ఆదేశాలొచ్చాయి. యాప్ లేనప్పుడు సూర్యచంద్రాన్ని ముట్టుకోవలసిన పని ఎవరికీ లేదు. ఎవరూ ముట్టుకోలేదు. అతను మళ్లీ చివరి గదిలో ఫైళ్ల మధ్య, హాయిగా లేపనం రాసుకుని కూర్చున్నాడు. తెల్లారగట్ల బస్సెక్కడం, కళ్లకు నల్లద్దాలు పెట్టుకుని లైటు కింద కాసేపు నిలబడడం, ఆదివారం మాత్ర, నెల తిరిగేసరికి రక్తపరీక్ష. చలికాలం పోయి ఎండలు ముదిరాయి. మొదట పొలుసులు తగ్గాయి, తర్వాత మందం తగ్గింది, తర్వాత ఎరుపు పోయి చేతుల మీద లేత మచ్చల గుర్తులు మిగిలాయి. మోచేతి మీద పాత మచ్చ ఒక్కటే మొండికేసింది. ఒక ఉదయం సత్యవేణి బొత్తాలు పెట్టడానికి వచ్చేసరికి అతను చొక్కా వేసుకుని, తల దువ్వుకుంటున్నాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్లి కాసేపు బయటికి రాలేదు.

సరిగ్గా అప్పుడు కొత్త యాప్ వచ్చింది. దాని ప్రారంభానికి ‘మహా స్పర్శ’ అనే సభ పెట్టాలని, రాష్ట్ర స్పర్శ మిషన్ చైర్మన్‌గారు స్వయంగా వచ్చి రోగితో కరచాలనం చేస్తారని, అందులో పేరుపొందిన నేదునూరిపేటనే ఎంపిక చేశారని కబురొచ్చింది. జోగారావు పరుగున చివరి గదికొచ్చాడు.

“ఏదీ, చెయ్యి!”

సూర్యచంద్రం చాపాడు. జోగారావు తిప్పి చూశాడు, మళ్లీ తిప్పాడు, రెండో చెయ్యి అడిగాడు.

“ఇదేంటయ్యా?”

“తగ్గిందండి.”

“తగ్గడమేంటి? ఎవర్నడిగి తగ్గించుకున్నావు?”

“డాక్టరుగార్నండి.”

కమిషనరుగారి గదిలో తలుపులు వేసి సమావేశం జరిగింది. పృథ్వీధర్‌గారు కోప్పడలేదు. బాధపడ్డారు. “సూర్యచంద్రంగారూ, ప్రభుత్వం తమరిమీద ఇంత నమ్మకం పెట్టుకుంటే, కార్యక్రమానికి మూలాధారమైన వ్యాధిని పై అధికారుల అనుమతి లేకుండా ఇలా నష్టపరచడం న్యాయమా?”

“పూర్తిగా పోలేదండి. మందు ఆపేస్తే మళ్లీ వస్తదంటండి.”

“చూశారా సార్!” అన్నాడు జోగారావు ఆశగా. “సభ వచ్చే వారమే కదా. ఆపేస్తే సరి.”

“ఆపితే కీళ్లు పోతాయన్నారండి డాక్టరుగారు. అదీగాక, వారంలో రాదండి.”

చివరికి కమిషనరుగారే దారి చూపించారు. నాటకాల వాళ్లకు వేషాలు వేసే మనిషి ఒకతను కాలవ గట్టున ఉంటాడు. రావణుడికి తలలు పెట్టినవాడు చేతిమీద మచ్చ పెట్టలేడా? అందులో తప్పేమీ లేదు. వ్యాధి ఉన్నది నిజం. కనిపించకపోవడం సాంకేతిక లోపం. లోపాన్ని సవరించడం పరిపాలన.

సూర్యచంద్రానికి మనసొప్పలేదు. కానీ కమిషనరుగారు కలం తీసి, ఆరునెలలుగా దుమ్ముపట్టి ఉన్న సెలవు అర్జీ తెప్పించి, సభ అయిన మర్నాడే సంతకం పెడతానన్నారు. తెల్లారగట్ల బస్సులో కునుకుతూ పక్కన కూర్చునే సత్యవేణి అతనికి గుర్తొచ్చింది. “ఆయ్, మీ ఇష్టమండి,” అన్నాడు.

సభ మునిసిపల్ హైస్కూలు ఆవరణలో, మిట్టమధ్యాహ్నం. వేషాల మనిషి తన విద్యనంతా చూపించాడు. జిగురు పూసి, బియ్యప్పిండి అద్ది, కుంకుమ రంగు కలిపి, పైన పలచగా మైనం రాసి, అసలు మచ్చకన్నా నదురుగా వేశాడు. డాక్టర్లు చూసినా నమ్మేలా ఉంది. ఎండను మాత్రం అతను లెక్కలో వేసుకోలేదు. నాటకాలు చల్లబడ్డాక ఆడతారు.

చైర్మన్‌గారు ఆలస్యంగా వచ్చి, ఆలస్యానికి తగినంత దీర్ఘంగా మాట్లాడారు. “అంటదు! నేను చెప్తున్నా, అంటదు! అంటుతుందనేవాడు మూర్ఖుడు!” అని బల్ల గుద్దారు. తర్వాత మైకు ఒక చేత్తో పట్టుకునే సూర్యచంద్రం దగ్గరికొచ్చి చెయ్యి కలిపారు. ఫొటోగ్రాఫర్లు ఇంకొక్కటి, ఇంకొక్కటి అన్నారు. ఆయన ఉత్సాహంకొద్దీ మైకు చంకలో పెట్టుకుని రెండో చెయ్యి కూడా పైన వేసి గట్టిగా పట్టుకున్నారు. సూర్యచంద్రం చేతిమీద జిగురు కరుగుతున్నట్టు అతనికి తెలుస్తోంది. “సార్, వదలండి సార్,” అన్నాడు మెల్లగా. అది వినయమనుకుని ఆయన ఇంకాస్త నొక్కారు.

వదిలేసరికి మచ్చ మొత్తం ఆయన చేతికొచ్చింది.

చైర్మన్‌గారు అరచెయ్యి చూసుకున్నారు. దులిపారు. పోలేదు. రెండో చేత్తో లాగారు, దానికీ పట్టుకుంది.

“అంటుకుంది!” అని అరిచారు. చంకలో మైకు పనిచేస్తూనే ఉంది. “ఓరి నాయనోయ్, నాకు అంటుకుందిరా!”

సభ అయిదు నిమిషాల్లో ఖాళీ అయింది. కుర్చీలు తిరగబడ్డాయి. వేదికమీద సూర్యచంద్రం ఒక్కడే నిలబడి, “రంగండీ! అది రంగండీ బాబూ!” అని ఎంత అరిచినా, మైకు చైర్మన్‌గారితోబాటు కారెక్కి వెళ్లిపోయింది.

మర్నాటినుంచి నేదునూరిపేటలో ఎవరికి వాళ్లు చేతులు దాచుకోవడం మొదలైంది. మెయిన్ రోడ్డులో మంగలి షాపు వాళ్లు తలలో పొట్టు కనబడితే జుట్టు కత్తిరించడం మానేశారు. ఎలిమెంటరీ స్కూలు టీచరమ్మ ఒకామె మోకాళ్లమీద మచ్చలు ఎవరో చూసి చెప్పేస్తే, ఆమెను ఇంటిదగ్గరే ఉండమన్నారు. ఆమె డాక్టరు నస్రీన్ దగ్గర మందు వాడుతున్న మనిషి. ఆసుపత్రికి వెళ్తే జనం గుర్తుపడతారని ఇప్పుడు మందు కూడా మానేసింది. లైటు గది ముందు ఉదయాన్నే కనిపించే మనుషులు ఒక్కొక్కరే రావడం మానేశారు. ఒకరోజు సూర్యచంద్రం వెళ్లేసరికి బెంచీలన్నీ ఖాళీగా ఉన్నాయి.

“ఇన్నేళ్లు ఒక్కొక్కర్నీ బతిమాలి తెచ్చుకున్నానండీ,” అంది నస్రీన్. అతన్ని ఏమీ అనలేదు. అంతకంటే ఏమన్నా అని ఉంటే బాగుండుననుకున్నాడతను.

విచారణ కమిటీ వేశారు. అది కూర్చునే ముందురోజు జోగారావు సూర్యచంద్రం ఇంటికే వచ్చి, గుమ్మం బయటే నిలబడి వ్యవహారం విడమరచి చెప్పాడు.

“చూడవయ్యా. రంగని ఒప్పుకున్నామంటే కమిషనరుగారి ఉద్యోగం పోతుంది, నాదీ పోతుంది. రోగమేనంటే సైన్సు తప్పవుతుంది. సైన్సుకి ప్రమోషనా, పెన్షనా? దానికి పోయేదేముంది? నువ్వు రోగమేనని సంతకం పెట్టు. నీ సెలవు నీకొస్తుంది, ఫుల్ జీతంతో. ఇంట్లో కూర్చుని వైద్యం చేయించుకో.”

“మరి ఆ టీచరమ్మండి?”

“ఏ టీచరమ్మ?”

లోపల్నుంచి సత్యవేణి మజ్జిగ తెచ్చి జోగారావుకిచ్చింది. ఆయన గ్లాసు చూసి, దాహం లేదన్నాడు.

కమిటీలో ముగ్గురు సభ్యులు. ముగ్గురూ బల్లకు అవతల, గోడకు ఆనించిన కుర్చీల్లో, మాస్కులతో ఉన్నారు. బల్ల కొసన స్టెనో భ్రమరాంబగారు, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, తల వంచుకుని రాసుకుంటోంది. అప్పటికి ఆమె పొద్దుటినుంచి రాస్తూనే ఉంది.

“అంటుకున్నది ఏమిటి?” అన్నారు కమిటీ అధ్యక్షులు.

“రంగండి. జిగురు, బియ్యప్పిండి, కుంకుమ రంగు.”

“వేయించినదెవరు?”

“ఆఫీసు వారేనండి. నేను ఒప్పుకున్నానండి. నాదీ తప్పేనండి.”

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఈ జవాబు వాళ్లు రాసుకొచ్చిన ప్రశ్నల్లో ఇమడలేదు. “అంటే మీకు వ్యాధి లేదంటారు?”

“ఉందండి.” సూర్యచంద్రం చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచెయ్యి బల్లమీదికి చాపాడు. అక్కడ పాత మచ్చ, ఎర్రగా, పొలుసులతో, అలాగే ఉంది. “అసలుదిదండి. డాక్టరుగారు రోజూ వందమందివి ఇలాంటివి పట్టుకు చూస్తారు. మీరూ ఒకసారి ముట్టుకు చూడండి. అంటదని మీరే రాసెయ్యొచ్చు.”

కుర్చీలు ఇంక వెనక్కి జరగడానికి చోటు లేదు. రెండో సభ్యుడు అద్దాలు తుడుచుకున్నారు. మూడో సభ్యుడు సెల్‌ఫోను చూసుకున్నారు.

“సభ్యులు పరిశీలించారని రాయండి,” అన్నారు అధ్యక్షులు. భ్రమరాంబగారు రాసింది. ఆయన గొంతు సవరించుకుని, ఉత్తర్వు చెప్పుకుపోయారు. “సదరు ఉద్యోగి, తనకు వ్యాధి ఉన్నదని గాని, లేదని గాని కమిటీ నిర్ధారించుటకు వీలులేని స్థితిలో తన శరీరమును ఉంచుకొన్నందున, తదుపరి ఉత్తర్వులు వెలువడునంతవరకు విధులనుండి సస్పెండు చేయడమైనది. నేదునూరిపేట పట్టణ పరిధిలో సంభవించు సోరియాసిస్ అంటువ్యాధియా కాదా అను విషయమై...”

సూర్యచంద్రం చెయ్యి ఇంకా బల్లమీదే చాపి ఉంది. తియ్యడం అతనికి గుర్తులేదు.

“కాస్త చెయ్యి జరపండి సూర్యచంద్రంగారూ. కాగితం మీదికొచ్చింది,” అంది భ్రమరాంబగారు.

అతను వినిపించుకోలేదు. ఆమె తల ఎత్తకుండానే అతని మోచెయ్యి పట్టుకుని, బల్లమీది పుస్తకాన్ని జరిపినట్టు పక్కకు జరిపి, అదే చేతి చూపుడువేలు నాలుకతో తడిచేసుకుని పేజీ తిప్పింది.

ముగ్గురు సభ్యులూ నిలువుగుడ్లేసుకుని ఆ వేలివైపే చూస్తున్నారు. అధ్యక్షులవారి నోట్లో వాక్యం అక్కడే ఆగిపోయింది. గదిలో చప్పుడు లేకపోయేసరికి ఆమె తల ఎత్తింది.

“‘అంటువ్యాధియా కాదా అను విషయమై’ దాకా అయిందండి. తర్వాత చెప్పండి.”

అధ్యక్షులవారు ముందున్న కాగితాలు సర్దుకున్నారు. మిగతాది రేపు చూద్దామని లేచిపోయారు.

బయట సైకిలు స్టాండు నీడలో సత్యవేణి కూర్చుని ఉంది. అతన్ని చూసి లేచింది.

“ఏమైందండీ?”

“సస్పెండు చేశారే.”

“ఎన్నాళ్లు?”

“మళ్లీ చెప్పేదాకా.”

ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుని, తర్వాత ఆలోచించి, “అయితే ఇంక తెల్లారగట్ల బస్సు అక్కర్లేదు. తొమ్మిదింటి దాన్లో ఎల్దాం” అంది. ఇద్దరూ బస్టాండు వైపు నడిచారు. సగం దూరం పోయాక అతను ఆగాడు.

“ఆవిడ నా చెయ్యి పక్కకి జరిపిందే.”

“ఎవరండీ?”

“స్టెనోగారు.”

“ఎందుకు?”

“ఎందుకేముంది,” అన్నాడు సూర్యచంద్రం. “అడ్డొచ్చిందని.”